యాపాకు కాలవెడితె పొగ, మగ్గవెడితె బలం

మాఘం, ఫాల్గుణం వచ్చిందంటె గోదావరిఖని క్వార్టర్ల నడుమ యాపచెట్లు ఆకు రాలుస్తయి. పొద్దుగాల ఊడుస్తరు, కుప్ప వోస్తరు, అగ్గివుల్ల గీస్తరు. ఒకదిక్కు ఓపెన్‌కాస్టు దుమ్ము, ఇంకోదిక్కు పవర్‌ప్లాంటు బూడిద. ఇవి చాలనట్టు ఈ పొగ కూడా మనమే మింగుతున్నం. ఆకులు, కొమ్మల చెత్తను రోడ్డు మీద, ఖాళీ జాగలల్ల తగలవెట్టొద్దని 2016ల వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు సాఫ్‌సీదా చెప్పినయి.

అవతల ఓబీ గుట్టలు చూడుర్రి. బొగ్గు కోసం తవ్వి పోసిన రాళ్లు, మట్టి. మొక్క బతికేంత సారం అండ్ల ఉండది. సింగరేణి ఆ గుట్టల మీద మొక్కలు నాటుతది. అంటె ఒకచోట సారం లేక మొక్క గోసవడుతది, ఇంకోచోట ఆ సారాన్నే మనం కాలవెడుతున్నం. ఈ రెండిటిని కలిపేదే ఆకు ఎరువు యార్డు.

యార్డంటె రేకుల షెడ్డు కట్టి, రిబ్బన్ కత్తిరించుడు కాదు. ముందుగాల లెక్క కావాలె. ఏ కాలనీల ఎన్ని ట్రాక్టర్ల ఆకు రాలుతది? ఎనిమిది ఫీట్ల వెడల్పు, ఐదు ఫీట్ల ఎత్తు, ముప్పై ఫీట్ల పొడుగు కుప్పకు ఉజ్జాయింపుగ ఏడెనిమిది ట్రాక్టర్ల ఆకు వడుతది. తిప్పి పోసేటందుకు పక్కన అంతే జాగ ఉండాలె. నేల జరంత వాలుగ ఉండాలె, వానకు నీళ్లు నిలువొద్దు. కుప్పలకెళ్లి కారే నల్లనీళ్లు వాగుల కలువకుండ చిన్న గుంత తవ్వాలె. ఇండ్లకు, బోర్లకు దూరం ఉండాలె.

ఎండాకు ఒక్కటే పోస్తె మగ్గుటానికి శాన కాలం వడుతది. మూడు గంపల ఎండాకుకు ఒక గంప పచ్చిగడ్డో, కూరగాయల తొక్కో, పెండో కలుపాలె. పిడికిట్ల వట్టి పిండితె ఒకటి రెండు సుక్కలు రావాలె, ధార కారొద్దు. బాయిలకెళ్లి తోడే నీళ్లను పరీక్ష చేయించి వాడుకోవచ్చు.

బొగ్గు కుప్ప దానంతట అదే ఎట్ల వేడెక్కుతదో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆకు కుప్ప గూడ వేడెక్కుతది, కాకపోతె ఇక్కడ ఆ పని చేసేవి కంటికి కనవడని సూక్ష్మజీవులు. 55 డిగ్రీలు దాటి కొన్ని దినాలు ఉంటెనే కలుపు గింజలు, రోగపు పురుగులు చస్తయి. ఇనుప రాడ్డు గుచ్చి, కాసేపాగి తీసి పట్టుకుంటె చెయ్యి కాలాలె. వేడి తగ్గినప్పుడల్లా తిప్పాలె. గాలి ఆడకపోతె కంపు కొడుతది. కుప్ప మరీ ఎత్తు చేయొద్దు, దగ్గర బీడీ ముట్టియ్యొద్దు, నీళ్ల డ్రమ్ము పక్కన్నే ఉండాలె.

ఫాల్గుణంల పేర్చిన కుప్ప మంచిగ తిప్పితె మూడు నాలుగు నెలలల్ల మగ్గుతది. సరిగ్గ మొక్కలు నాటే యాళ్లకు జల్లెడ వట్టిన ఎరువు చేతికొస్తది. చెట్టే మనకు కాలం కుదిర్చి పెట్టింది.

పల్లె ప్రగతిల ఊరూరికి ట్రాక్టర్, నర్సరీ, చెత్త షెడ్డు వచ్చినయి. షెడ్డు ఉండి పని లేకపోతె అది వట్టి గోడలే. యార్డుకు రోజూ చూసుకునే మనిషి కావాలె. ఆ మనిషికి గ్లౌజులు, మాస్కు, నెలనెలా జీతం కావాలె. ఊడ్చే అక్కల నెత్తిన ఇంకో పని మోపి, దాన్ని పథకం అనొద్దు.

సింగరేణిల 51 శాతం వాటా మన రాష్ట్రానిది. కాబట్టి అడిగే హక్కు మనకున్నది. తమ్మీ, చెల్లె, గ్రామసభలనో, కార్పొరేటర్ దగ్గరనో, ఏరియా జీఎం ఆఫీసులనో మూడే మాటలు అడుగుర్రి. మా ఆకు ఎటు పోతుంది? యార్డుకు జాగ ఏది? తయారైన ఎరువు ఎవరు కొంటరు? మూడో ప్రశ్నకు జవాబు ముందే రాయించుకోర్రి. కొనేటోడు లేని ఎరువు కుప్ప మళ్ల చెత్తకుప్పే అయితది.