స్ప్రేయర్ ఆగిందా? బ్యాటరీ మార్చే ముందు మీటర్ పెట్టి చూడండి

పోయిన వానాకాలం మిరపలో నీమాస్త్రం కొడుతుంటే రెండో ట్యాంకుకే నా బ్యాటరీ స్ప్రేయర్ మూలగడం మొదలుపెట్టింది. డ్రమ్ము నిండా ద్రావణం, గట్టు మీద కూలీలు. షాపుకు తీసుకెళ్తే "బ్యాటరీ పోయిందన్నా" అని కొత్తది వేశారు. చేనికొచ్చి స్విచ్ నొక్కితే మళ్లీ అదే మూలుగు!

ఆ కోపంలో కొన్నదే ఈ జేబు మల్టీమీటర్. రెండు మూడొందలకే దొరుకుతుంది. వాడకం వీడియోలో చూపించాను, ఇక్కడ కూడా రాస్తున్నా.

నల్ల వైరు 'కామ్' అని ఉన్న రంధ్రంలో, ఎర్రది వోల్టు, ఓమ్ గుర్తులున్న రంధ్రంలో పెట్టాలి. 10 ఆంపియర్ల రంధ్రం జోలికి పోవద్దు. అందులో పెట్టి బ్యాటరీకి తగిలిస్తే షార్ట్ అయిపోతుంది. నాబ్ డీసీ 20 వోల్టుల మీదకు తిప్పండి.

మన స్ప్రేయర్లలో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. నిండా చార్జ్ చేసి, తీసేసి, కొన్ని గంటలు ఆగి చూస్తే 12.6 పైన చూపించాలి. 12 కంటే తక్కువుంటే బాగా దిగిపోయినట్టు. కానీ అసలు పరీక్ష మోటారు తిరుగుతుండగానే. నిండా చార్జ్ ఉన్నా స్విచ్ వేయగానే 10కి పడిపోతే బ్యాటరీ పనైపోయినట్టే.

నాది తిరుగుతున్నప్పుడు కూడా 12.2 ఉంది. మోటారు దగ్గర పెడితే 7 మాత్రమే! మిగతా ఐదు ఎటు పోయాయి? స్విచ్ ఆన్‌లో ఉంచి దాని రెండు కాళ్ల మధ్య చూశాను. సున్నాకు దగ్గరగా ఉండాల్సింది 5 చూపించింది. విప్పితే లోపలంతా పచ్చటి చిలుము. ట్యాంకు మూత దగ్గర కారిన గోమూత్రం పని. స్విచ్ మార్చాను, అంతే. పాత బ్యాటరీ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాను కాబట్టి అది బాగుందో లేదో ఇక తెలియదు.

చార్జర్ అనుమానమైతే, చార్జింగ్‌లో ఉండగా బ్యాటరీ మీదే చూడండి. వోల్టేజి మెల్లగా 13 దాటి ఎక్కాలి. ఫ్యూజు, తెగిన వైరు అయితే బ్యాటరీ తీసేసి 200 ఓమ్‌ల మీద పెట్టండి. సున్నాకు దగ్గరగా వస్తే బాగున్నట్టు, ఎడమ చివర 1 ఒక్కటే నిలిస్తే తెగినట్టు.

బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో మాత్రం ఈ మీటర్ పెట్టొద్దు. ఫేజుల మధ్య 415 వోల్టులు, ఈ చవక మీటరుకు ఆ రక్షణ లేదు. దానికి ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. సోలార్ ఫెన్సింగ్ తీగకూ వద్దు, వేల వోల్టులకు మీటర్ కాలిపోతుంది. ఫెన్సింగ్ ఆపేసి దాని బ్యాటరీని చూసుకోవచ్చు.

ఇంకోటి, మీటర్‌లోని 9 వోల్టుల బ్యాటరీ దిగిపోతే తప్పు అంకెలు వస్తాయి. తెర మీద బ్యాటరీ బొమ్మ కనబడగానే మార్చేయండి.