పాత మంచం కోళ్లకు కొత్త రూపం

మావారు రిటైరైన కొత్తలో రోజంతా టీవీ ముందే కూర్చునేవారు. నేను డ్యూటీ నుండి వచ్చేసరికి ఏదో ఒక చిరాకు. ఒకరోజు అటక మీది మా అత్తగారి పాత మంచం దింపాము. పట్టెలు చెదలు తినేశాయి గాని, టేకు కోళ్లు నాలుగూ గట్టిగా ఉన్నాయి. వాటిని పొయ్యిలో పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. తెలిసిన వడ్రంగి దగ్గర లేత్ మిషన్ పని నేర్చుకుని మనవడికి బొంగరం, నాకు అప్పడాల కర్ర చేసి ఇచ్చారు.

లేత్‌పై కర్ర గిరగిరా తిరుగుతుంటే ఉలి ఆనించి చెక్కుతారు. నల్లబడిన పై పొర పోగానే లోపలి తేనెరంగు చారలు బయటపడతాయి. అది చూసినప్పుడు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొమ్మలు చేసేదీ ఇలాగే. తిరిగే బొమ్మకు రంగు లక్క ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

విరిగిన కుర్చీ కాళ్లు, పాత గుమ్మాలు, గాలికి పడిన వేపకొమ్మలు, అన్నీ పనికొస్తాయి. పాత కలప బాగా ఆరి ఉంటుంది కనుక పగుళ్లు తక్కువ. పచ్చికొమ్మ అయితే రెండు చివరలా మైనం పూసి నీడలో ఆరనివ్వాలి.

అయితే ఒకసారి గుమ్మం ముక్కలో దాగిన మేకుకు ఉలి తగిలి, చెక్క పేడు ఎగిరి ఆయన కనుబొమకు కొట్టుకుంది. రెండు కుట్లు పడ్డాయి. కాస్త కిందికైతే కన్నే పోయేది. ఎందరికో జాగ్రత్తలు చెప్పే నేను ఇంట్లో చెప్పడం మరచాను. అందుకే మీకు చెబుతున్నాను.

జాగ్రత్తలు:

• పాత చెక్కలోని మేకులన్నీ వెదికి తీయాలి.
• ముఖమంతా కప్పే షీల్డు పెట్టుకోవాలి.
• వేలాడే చేతులు, పైట, గొలుసు, చేతి తొడుగులు వద్దు.
• మాస్కు తప్పనిసరి. చెక్క ధూళి ఆయాసం తెస్తుంది. అది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది.
• పాత పెయింటులో సీసం ఉండవచ్చు. అలాంటి చెక్క వాడకండి.
• కంటిలో పేడు గుచ్చుకుంటే నలపకండి, లాగకండి. వెంటనే ఆసుపత్రికి రండి.
• మేకు గుచ్చుకుంటే సబ్బునీటితో కడిగి, ధనుర్వాతం టీకా గురించి అడగండి.

ఇప్పుడు మావారికి చిరాకు లేదు. షీల్డు పెట్టుకోనిదే నేను స్విచ్ వేయనివ్వను. పని కాగానే తడిగుడ్డతో ధూళి తుడిచే బాధ్యత మాత్రం ఆయనదే.