నేత్రపటలానికి మాత్రలు: ఎవరికి, ఎంతవరకు?

‘సర్వేంద్రియాణాం నయనం ప్రధానం’ అన్న పెద్దల మాట ఎరుగని వారు లేరు. ఆ మాటపై మనకు గల నమ్మకాన్ని ఔషధ వ్యాపారులు కూడా బాగానే గ్రహించారు. నేడు ఏ మందుల దుకాణంలో చూసినా ‘కంటికి బలం’ అన్న హామీతో రంగురంగుల డబ్బాలు వరుసగా దర్శనమిస్తాయి. మన కాలనీలో పదవీ విరమణకు చేరువైన వారిలోనూ, విరమించిన వారిలోనూ వీటిని నిత్యం సేవించేవారు పలువురున్నారు. పెన్షన్ సొమ్ములోంచి నెలనెలా వెచ్చించి మింగే ఈ మాత్రలు ఎవరికి ఉపకరిస్తాయి, ఎవరికి ఉపకరించవు, ఎవరికి హాని చేస్తాయి అన్న ప్రశ్నలకు వైద్యశాస్త్రంలో స్పష్టమైన సమాధానాలే ఉన్నాయి. ఈ వ్యాసకర్త వైద్యుడు కాడు, యంత్రాల నడుమ మూడు దశాబ్దాలు గడిపిన ఇంజనీరు. అయితే పరీక్షా ఫలితాలను చదివి అంకెలను తూచి చూడడం మన వృత్తిలో భాగమే కనుక, ఆ మేరకే ఈ ప్రయత్నం.

కంటిని కెమెరాతో పోల్చడం పరిపాటి. ఆ పోలికలో ఫిల్ము స్థానంలో ఉండేది నేత్రపటలం, అనగా రెటీనా. సుమారు పావు మిల్లీమీటరు మందం గల ఈ పొరలో దాదాపు 12 కోట్ల దండాలు, 60 లక్షల శంకువులు అమరి ఉన్నాయి. మసక వెలుతురులో చూపునిచ్చేవి దండాలు. పగటి వెలుగులో రంగులను, సూక్ష్మ వివరాలను పట్టి ఇచ్చేవి శంకువులు. ఈ పొర నడుమ సుమారు 5 మిల్లీమీటర్ల వ్యాసంతో పసుపు ఛాయ గల ఒక మచ్చ ఉంటుంది. దానినే మాక్యులా అంటారు. అక్షరాలు చదవడం, సూదిలో దారం ఎక్కించడం, వెర్నియర్ కాలిపర్స్ మీద గీత చూడడం, ఎదుటి మనిషి ముఖాన్ని గుర్తుపట్టడం, ఇవన్నీ ఆ చిన్న మచ్చ చేసే పనులే. దాని పసుపు రంగుకు కారణం ల్యూటిన్, జియాజాంథిన్ అనే రెండు పదార్థాలు. తీవ్రమైన నీలికాంతిని ఇవి వడకడతాయి. శరీరం వీటిని స్వయంగా తయారు చేసుకోలేదు. ఆహారం ద్వారా అందవలసిందే.

ఆహారానికీ నేత్రపటలానికీ గల సంబంధం కట్టుకథ కాదు. నేత్రపటలంలో విటమిన్ ఏ ఉన్నదని జార్జ్ వాల్డ్ అనే శాస్త్రవేత్త 1933లో కనుగొన్నాడు. దృష్టికి సంబంధించిన రసాయన ప్రక్రియను వివరించినందుకు 1967లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఆ విటమిన్ కొరవడితే రేచీకటి వస్తుంది. మన దేశంలో 1970లో ఆరంభమైన జాతీయ కార్యక్రమం కింద చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి విటమిన్ ఏ ద్రావణాన్ని పట్టించసాగారు. దీని వెనుక హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉన్నది. కొరత వలన కలిగిన జబ్బు కొరత తీరితే తగ్గుతుంది. ఆ విజయమే మనలో ఒక అపోహకు కూడా బీజం వేసిందని నా అభిప్రాయం. కంటికి వచ్చే ప్రతి జబ్బూ ఏదో ఒక విటమిన్ లోపమేననీ, మాత్ర వేసుకుంటే చూపు తిరిగి వస్తుందనీ అనుకుంటున్నాము.

వయసుతో పాటు వచ్చే మాక్యులా క్షీణత అటువంటి కొరత జబ్బు కాదు. ఇందులో నేత్రపటలం అడుగున డ్రూసెన్ అనే పసుపు గుల్లలు పేరుకుంటాయి. నెమ్మదిగా సాగేది పొడి రకం. కొందరిలో పటలం కింద బలహీనమైన కొత్త రక్తనాళాలు పుట్టి, వాటినుండి ద్రవం, రక్తం కారుతాయి. ఇది తడి రకం. వారాలలోనే నడిమి చూపును హరించగలదు.

అమెరికాలోని జాతీయ నేత్ర సంస్థ ఈ విషయమై ఒక బృహత్ పరీక్ష నిర్వహించి, ఫలితాలను 2001లో వెల్లడించింది. 55 నుండి 80 ఏళ్ళ వయసు గల నాలుగు వేల ఏడువందల పైచిలుకు వ్యక్తులు అందులో పాల్గొన్నారు. రోజుకు 500 మిల్లీగ్రాముల విటమిన్ సీ, 400 యూనిట్ల విటమిన్ ఈ, 15 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, 80 మిల్లీగ్రాముల జింకు, 2 మిల్లీగ్రాముల రాగి, ఇదీ అందులోని పూర్తి మిశ్రమం. జింకు అధికమైతే శరీరం రాగిని గ్రహించలేక రక్తహీనత వస్తుంది. అందుకే రాగిని కలిపారు. ఒక సర్దుబాటు మరొక సర్దుబాటును కోరడం మన ప్లాంటులో నిత్యం చూసేదే కదా!

ఇక అసలు లెక్కకు వద్దాం. వ్యాధి మధ్యస్థ దశకు చేరినవారిని, లేదా ఒక కంటిలో ముదిరినవారిని మాత్రమే తీసుకుంటే, ఐదేళ్ళలో ఉత్తుత్తి మాత్ర మింగిన ప్రతి 100 మందిలో సుమారు 28 మందికి వ్యాధి ముదిరింది. పూర్తి మిశ్రమం మింగిన 100 మందిలో సుమారు 20 మందికి ముదిరింది. అంటే నూటికి ఎనిమిది మంది మేలు పొందారు. ఇరవై మందికి మాత్ర మింగినా ఆగలేదు. తక్కినవారికి మింగకపోయినా ఆ ఐదేళ్ళలో ముదిరేది కాదు. ఎనిమిది మంది చూపు చిన్న విషయం కాదు. ఆ దశలో ఉన్నవారికి వైద్యుడు ఈ మాత్రలు వ్రాస్తే తప్పక వాడవలసిందే. కానీ వ్యాధి లేనివారికి, తొలి దశలో ఉన్నవారికి ప్రయోజనం కనబడలేదు. శుక్లాలనూ అది ఆపలేదు. పోయిన చూపును తిరిగి తేవడమన్న ప్రసక్తే లేదు. డబ్బా మీద ‘25 శాతం రక్షణ’ అని ఉంటే, అది ఎవరికి వర్తించే 25 శాతమో కూడా అడగాలి. దశ ఏదో తెలుసుకోవాలంటే చుక్కలు వేయించుకుని కంటి వెనుక భాగాన్ని పరీక్ష చేయించుకోవడమే మార్గం. 125 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు దాటిన డ్రూసెన్ ఉన్నదా లేదా అన్నది అక్షరాల పటం చెప్పలేదు.

పొగ త్రాగేవారు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలి. ఫిన్లాండ్‌లో పొగ త్రాగే పురుషులపై జరిగిన ఒక పెద్ద పరీక్షలో బీటా కెరోటిన్ మాత్రలు వాడినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో తేలింది. అందువల్ల 2013లో ఫలితాలు వెలువడిన రెండవ నేత్ర పరీక్షలో బీటా కెరోటిన్‌కు బదులు 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ ఇచ్చి చూశారు. మేలు నిలిచింది. బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో మాత్రం ఊపిరితిత్తుల క్యాన్సర్ కేసులు ఎక్కువగా కనిపించాయి. వారిలో అత్యధికులు ఒకప్పుడు పొగ త్రాగి మానేసినవారే. చేపనూనె మాత్రలు అదనపు మేలేదీ చేయలేదు. పదేళ్ళ ఫలితాలు 2022లో వచ్చి ఇదే సంగతిని ధ్రువపరిచాయి. కనుక డబ్బా వెనుక సన్నని అక్షరాలలో బీటా కెరోటిన్ పేరు కనిపిస్తే, పొగ త్రాగేవారూ, ఎప్పుడో మానేసినవారూ దానిని తిరిగి దుకాణదారుకే ఇవ్వడం మంచిది. పొగాకు ఈ జబ్బుకు కూడా మిత్రుడే. 1996–2000 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో పదివేలమందికి పైగా పరీక్షించిన నేత్ర సర్వేలో, చుట్టలు విపరీతంగా కాల్చినవారిలో మాక్యులా క్షీణత అధికంగా కనిపించింది.

మా వీధిలో క్రేన్ ఆపరేటరుగా పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరున్నారు. ఒక వేసవిలో ఆయనకు ద్వారబంధం వంకరగా కనిపించసాగింది. “అద్దాల పవరు మారి ఉంటుందిలెండి, బలానికి మాత్రలు వాడుతున్నాను” అని నాలుగు నెలలు గడిపారు. అది తడి రకమని తేలేసరికి కుడికంట నడిమి చూపు చాలావరకు పోయింది. తడి రకానికి కంటిలోనికి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి ఎంత త్వరగా అందితే అంత చూపు దక్కుతుంది. ఆయన మాత్రలకు పెట్టిన ఖర్చు కంటే ఆ నాలుగు నెలలే విలువైనవి. ఎడమకన్నును ఇప్పుడు జాగ్రత్తగా కాపాడుకుంటున్నారు.

మధుమేహం ఉన్నవారి సంగతి వేరు. వారి నేత్రపటలంలో దెబ్బతినేవి సన్నని రక్తనాళాలు. చక్కెరను, రక్తపోటును అదుపులో ఉంచడానికీ, ఏటా కంటి పరీక్షకూ బదులుగా నిలిచే మాత్ర లేదు.

ల్యూటిన్ కోసం దూరం వెళ్ళనక్కరలేదు. తోటకూర, పాలకూర, మునగాకు, మొక్కజొన్న, గ్రుడ్డులోని పచ్చసొన అన్నింటా అది ఉన్నది. కొవ్వులో కరిగే పదార్థం కనుక ఆకుకూరను కాస్త నూనెతో వండితేనే ఒంటికి పడుతుంది. పప్పులో వేసిన తోటకూరకు పైన తాలింపు పెట్టే మన ఇంటి ఇల్లాళ్ళు ఈ సూత్రాన్ని ఎవరూ చెప్పకుండానే పాటిస్తున్నారు.

ఇక ఖర్చు లేని పరీక్ష ఒకటి. స్విట్జర్లాండ్ వైద్యుడు ఆమ్‌స్లర్ పేరు మీద ప్రసిద్ధమైనది. 10 సెంటీమీటర్ల చదరంలో 5 మిల్లీమీటర్లకొక గీత చొప్పున గళ్ళు గీసి, నడుమ ఒక చుక్క పెట్టాలి. పిల్లల గ్రాఫు కాగితం దీనికి చాలు. చదివే కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక కంటిని మూసి, 30 సెంటీమీటర్ల దూరం నుండి రెండవ కంటితో చుక్కనే చూడాలి. తరువాత కన్ను మార్చాలి. రెండు కళ్ళతో ఒకేసారి చూస్తే మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పిపుచ్చుతుంది. గీతలు వంగినా, కొన్ని గళ్ళు మాయమైనా, నడుమ మసక కనిపించినా ఆ వారంలోనే నేత్రవైద్యుని వద్దకు వెళ్ళాలి.