విదేశీ ప్రయాణాలలో సెల్‌ఫోన్ బిల్లు భారం – డేటా రోమింగ్‌పై అవగాహనే రక్షణ

హైదరాబాద్: ఉపాధి, ఉన్నత విద్య, తీర్థయాత్రలు, పిల్లల వద్దకు వెళ్లి రావడం వంటి కారణాలతో ఉభయ తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా ఎందరో విదేశాలకు ప్రయాణిస్తున్నారు. పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్టు విషయాలలో ఎంతో జాగ్రత్త వహించే ఈ ప్రయాణికులు చేతిలోని స్మార్ట్‌ఫోన్ విషయంలో మాత్రం అంతటి శ్రద్ధ చూపడం లేదు. తిరిగి వచ్చిన తరువాత వేల రూపాయల బిల్లు అందినప్పుడే పలువురికి డేటా రోమింగ్ అనే మాట తెలిసివస్తోంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే శ్రామిక కుటుంబాలకు ఇటువంటి ఒక్క బిల్లు నెల జీతాన్ని హరించివేయగలదు. ఈ నష్టాన్ని నివారించడానికి సాంకేతిక పరిజ్ఞానం అవసరం లేదు. కొద్దిపాటి అవగాహన, బయలుదేరే ముందు పది నిమిషాల సమయం ఉంటే చాలు.

రోమింగ్ అంటే ఏమిటి?

చందాదారు తన సేవాసంస్థకు లైసెన్సు ఉన్న ప్రాంతం దాటి, వేరొక సంస్థ టవర్ల ద్వారా సేవలు పొందడాన్ని రోమింగ్ అంటారు. టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నేటికీ ఒకే సర్కిల్‌గా ఉన్నందున ఆదిలాబాద్ చందాదారు శ్రీకాకుళం వెళ్లినా అది రోమింగ్ కాదు. దేశం లోపల ఇతర సర్కిళ్లకు వెళ్లినప్పుడు చెల్లించవలసిన చార్జీల గరిష్ఠ పరిమితిని భారత టెలికాం నియంత్రణ సంస్థ, అంటే ట్రాయ్, 2013లోను, తిరిగి 2015 మే 1 నుంచి తగ్గించింది. అనంతరం కంపెనీల మధ్య పోటీ కారణంగా దేశీయ రోమింగ్ భారం దాదాపు కనుమరుగైంది. నేడు సమస్య అంతర్జాతీయ రోమింగ్‌కు సంబంధించినదే.

విదేశీ విమానాశ్రయంలో ఫోను ఆన్ చేయగానే అక్కడి నెట్‌వర్క్ సిమ్‌కార్డులోని సంఖ్యను బట్టి అది భారతదేశానికి చెందినదని గుర్తిస్తుంది. వెంటనే ఇక్కడి సంస్థను సంప్రదించి, చందాదారు వివరాలను నిర్ధారించుకుని సేవలు ప్రారంభిస్తుంది. చందాదారు విదేశంలో వాడిన డేటా సాధారణంగా అక్కడి టవరు నుంచి భారతదేశంలోని మాతృసంస్థ కేంద్రానికి చేరి, అక్కడి నుంచే ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. ఆతిథ్య సంస్థ ఈ వాడకాన్ని నమోదు చేసి, నిర్ణీత రూపంలోని లెక్కల పత్రాలను మాతృసంస్థకు పంపుతుంది. రెండు సంస్థలు తమలో తాము కుదుర్చుకున్న టోకు ధర, దానిపై మాతృసంస్థ నిర్ణయించే చిల్లర ధర, పన్ను కలిసి తుది బిల్లు అవుతుంది. విదేశీ సంస్థ నుంచి లెక్కలు అందడానికి కొంత వ్యవధి పట్టవచ్చు. అందువలన హెచ్చరిక సందేశం వచ్చేసరికే వాడకం పరిమితి దాటిపోయే ప్రమాదం ఉన్నది. ప్రీపెయిడ్ చందాదారుకు నష్టం ఖాతాలోని నిల్వకు పరిమితం కాగా, పోస్ట్‌పెయిడ్ చందాదారుకు అది బిల్లు రూపంలో ఎదురవుతుంది.

వాడకున్నా ఖర్చు ఎందుకు?

“ఫోను ముట్టుకోనే లేదు, బిల్లు ఎలా వచ్చింది?” అన్నది సాధారణంగా వినిపించే ప్రశ్న. స్మార్ట్‌ఫోను జేబులో ఉన్నప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. ఈ-మెయిల్ దిగుమతి, అప్లికేషన్ల నవీకరణ, ఫోటోలను ఇంటర్నెట్‌లో భద్రపరచడం, వాట్సాప్ గ్రూపులలో వచ్చిన చిత్రాలు, వీడియోలు వాటంతట అవే దిగడం, వాతావరణ సమాచారం వంటివన్నీ యజమాని ప్రమేయం లేకుండానే డేటాను ఖర్చు చేస్తాయి.

ప్రత్యేక ప్యాక్ తీసుకోని పక్షంలో ఒక ఎంబీకి 300 రూపాయల ధర ఉన్నదని ఉదాహరణకు అనుకుందాం. 5 ఎంబీల ఒక్క ఫోటోకు 1,500 రూపాయలు, గ్రూపులో వచ్చిన 60 ఎంబీల పెళ్లి వీడియోకు 18,000 రూపాయలు అవుతాయి. దానిపై 18 శాతం జీఎస్టీ అదనం. స్వదేశంలో జీబీల లెక్కన వాడే అలవాటు విదేశంలో ఎంబీల లెక్కన చెల్లించవలసి వచ్చినప్పుడు ఎంత భారమో దీనిని బట్టి గ్రహించవచ్చు. ఒక జీబీ 1,024 ఎంబీలకు సమానం.

ప్యాక్ ఉన్నా జాగ్రత్త అవసరం

రోమింగ్ ప్యాక్ తీసుకున్నంత మాత్రాన పూర్తి రక్షణ లభించినట్లు కాదు. ఈ క్రింది సందర్భాలలో ప్యాక్ ఉన్నవారు సైతం నష్టపోతున్నారు.

మార్గమధ్య దేశం: అమెరికాకు మాత్రమే వర్తించే ప్యాక్ తీసుకుని దోహా లేదా దుబాయ్ మీదుగా వెళ్లే ప్రయాణికుడు అక్కడ విమానం మారే సమయంలో డేటా వాడితే ఆ ప్యాక్ వర్తించదు.

భాగస్వామ్య సంస్థ: కొన్ని ప్యాక్‌లు ఆ దేశంలోని నిర్ణీత సంస్థల నెట్‌వర్క్‌పైనే చెల్లుతాయి. ఫోను వేరొక నెట్‌వర్క్‌ను ఎంచుకుంటే సాధారణ ధర పడవచ్చు.

కాలపరిమితి: ప్యాక్ గడువు కొన్న క్షణం నుంచా, తొలి వాడకం నుంచా, ఏ దేశ కాలమానం ప్రకారం అన్నది ముందే తెలుసుకోవాలి.

విమానం, ఓడ: ప్రయాణంలో ఉండగా విమానాలలో, నౌకలలో లభించే సెల్ సేవలు ఉపగ్రహాల ద్వారా అందుతాయి. వీటి ధరలు నేలపై రోమింగ్ ధరలకు భిన్నం. దేశాల పేరిట తీసుకున్న సాధారణ ప్యాక్‌లు వీటికి వర్తించకపోవచ్చు.

సరిహద్దు ప్రాంతాలు: పొరుగు దేశపు టవరు సంకేతం బలంగా ఉన్న చోట, భారత భూభాగంలో ఉన్నప్పటికీ ఫోను దానికి అనుసంధానం కావచ్చు. నేపాల్ సరిహద్దు పట్టణాల మీదుగా యాత్రకు వెళ్లేవారు ఈ విషయం గమనించాలి.

బయలుదేరే ముందు

1. ఫోను సెట్టింగులలో “డేటా రోమింగ్” అనే మీటను ఆపివేయాలి. ఆండ్రాయిడ్‌లో సిమ్ లేదా మొబైల్ నెట్‌వర్క్ విభాగంలోను, ఐఫోన్‌లో మొబైల్ డేటా విభాగంలోను ఇది ఉంటుంది.

2. రెండు సిమ్‌ల ఫోన్లలో విదేశీ సిమ్ వేసుకున్నవారు డేటాకు దానినే ఎంచుకోవాలి. సంకేతం బలహీనపడినప్పుడు డేటా తనంత తానే మరొక సిమ్‌కు మారే సదుపాయం ఉంటే దానిని ఆపివేయాలి.

3. వైఫై బలహీనమైనప్పుడు మొబైల్ డేటాను వాడుకునే ఏర్పాటును, వాట్సాప్‌లో చిత్రాలు, వీడియోలు వాటంతట అవే దిగే ఏర్పాటును, ఫోటోల నిల్వను, అప్లికేషన్ల నవీకరణను నిలిపివేయాలి.

4. ప్యాక్ తీసుకునేవారు తమ ప్రయాణ మార్గంలోని ప్రతి దేశం పేరు అందులో ఉన్నదో లేదో చూడాలి. ప్యాక్ నిర్ధారణ సందేశాన్ని భద్రపరచుకోవాలి.

5. పటాలు, టిక్కెట్లు, హోటలు వివరాలను ఇంటివద్దనే వైఫై ద్వారా ఫోనులో నిల్వ చేసుకోవాలి. విమానంలో ఎయిర్‌ప్లేన్ మోడ్ తప్పనిసరిగా ఆన్ చేయాలి.

బిల్లు భయంతో భారతీయ సిమ్‌ను తీసివేయడం మరొక ఇబ్బందికి దారి తీస్తుంది. బ్యాంకు పంపే ఓటీపీ సందేశాలు ఆ నంబరుకే వస్తాయి. రోమింగ్ సేవను అనుమతించి, డేటా రోమింగ్‌ను మాత్రమే ఆపివేస్తే ఓటీపీలు అందుతాయి, డేటా ఖర్చు కాదు. అయితే విదేశంలో వచ్చే కాల్‌ను స్వీకరించినా చార్జీ పడుతుందని గుర్తుంచుకోవాలి. పిల్లలను చూడడానికి వెళ్లే వృద్ధ తల్లిదండ్రుల ఫోన్లలో ఈ మార్పులను ఇంటివారే చేసిపెట్టడం ఉత్తమం.

నియంత్రణ ఎలా ఉన్నది?

ఐరోపా యూనియన్‌లో డేటా రోమింగ్ వాడకం 50 యూరోలకు చేరగానే సేవ నిలిచిపోయే ఏర్పాటు 2010 జూలై నుంచి అమలులోకి వచ్చింది. 2017 జూన్ 15 నుంచి సభ్య దేశాల మధ్య అదనపు రోమింగ్ చార్జీలను తొలగించారు. 2022లో ఈ విధానాన్ని 2032 వరకు పొడిగించారు. ఈ సౌలభ్యం అక్కడి చందాదారులకే పరిమితం. భారతీయ సిమ్‌తో పారిస్ వెళ్లినవారికి ఇది వర్తించదు. మన దేశంలో చందాదారు కోరితే తప్ప అంతర్జాతీయ రోమింగ్‌ను ప్రారంభించరాదని, వాడకంపై ఎప్పటికప్పుడు హెచ్చరికలు పంపాలని ట్రాయ్ 2020లో సిఫార్సు చేసింది.

అధిక బిల్లు వస్తే

బిల్లుపై అభ్యంతరం ఉన్న చందాదారు ముందుగా తన సంస్థ ఫిర్యాదుల కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేసి, డాకెట్ నంబరు తీసుకోవాలి. ఏ తేదీన, ఏ దేశంలో, ఏ నెట్‌వర్క్‌పై ఎంత డేటా వాడినట్లు నమోదైనదో తెలిపే వివరమైన బిల్లును కోరాలి. పరిష్కారం తృప్తికరంగా లేనిచో 30 రోజులలోగా అదే సంస్థలోని అప్పీలు అధికారిని ఆశ్రయించవచ్చు. దీనికి రుసుము లేదు. అప్పీలును 39 రోజులలోగా పరిష్కరించాలని 2012 నాటి ట్రాయ్ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. టెలికాం సేవలపై వినియోగదారుల కమిషన్లకు విచారణాధికారం ఉన్నదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసినందున, అవసరమైతే జిల్లా కమిషన్‌ను ఆశ్రయించే మార్గం కూడా తెరిచి ఉన్నది. ప్యాక్ సందేశం, బోర్డింగ్ పాసు, డాకెట్ నంబరు ఇందుకు ఆధారాలు అవుతాయి.

గల్ఫ్‌కు వెళ్లే శ్రామికులకు, హజ్ యాత్రికులకు, విదేశీ విద్యార్థులకు ప్రయాణానికి ముందు నిర్వహించే అవగాహన సమావేశాలలో అధికారులు ఈ అంశాన్ని కూడా చేర్చడం, పాత్రికేయులు ప్రయాణాల రద్దీ ఉండే నెలలకు ముందే ఈ వివరాలను ప్రజలకు చేరవేయడం ఎంతో మేలు చేస్తుంది. కష్టార్జితం ఇంటికి చేరడానికి, టెలికాం బిల్లులో కరిగిపోవడానికి మధ్య ఉన్న తేడా కొన్ని సందర్భాలలో ఫోనులోని ఒక్క మీట మాత్రమే.