మీకు తెలుసా? గుత్తిలో రైలు మారేలోపు ఒక కోట!

ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవులో ఓడ ఆగిన కొద్ది గంటల్లోనే యాత్రికులు అక్రోపొలిస్ శిథిలాలు చూసి వస్తారు. సముద్రమే లేని అనంతపురం జిల్లాలో అలాంటి మజిలీ గుత్తి జంక్షన్. రెండు రైళ్ల మధ్య సగం పూట దొరికితే చాలు, కొండమీద విజయనగర కాలపు కోట ఉంది.

మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడే ఇక్కడి నుంచే ఏలాడు. కొండ అంచున ఆయన కూర్చునేవాడని చెప్పే మండపం నుంచి ఊరంతా కనిపిస్తుంది. 1776లో హైదర్ అలీ ముట్టడించినప్పుడు ఈ కోటను లొంగదీసింది ఫిరంగులకన్నా దాహమే. లోపల నీళ్లు అయిపోయాయి మరి! కరువు సీమలో అంతకన్నా పెద్ద శత్రువు ఎవరు?

1827లో పత్తికొండలో కలరాతో మరణించిన మద్రాసు గవర్నర్ థామస్ మన్రోను మొదట గుత్తిలోనే ఖననం చేశారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు.

ఎండాకాలమైతే పొద్దున్నే కొండెక్కండి, నీళ్లు మాత్రం మరవకండి.