ముక్కు గోడ వంకరైతే కోయించుకోవాలా?

మా బహదూర్‌పురాలో ముక్కుకు పని ఎక్కువ. పురానాపూల్ నుంచి జూ పార్కు దాకా, అక్కణ్ణుంచి ఆరాంఘర్ వైపు లారీలు, బస్సులు, ఆటోలు పొద్దస్తమానం నడుస్తూనే ఉంటాయి. 2022లో కూడలి మీద ఫ్లైఓవర్ వచ్చాక బండ్లు కొన్ని పైకెక్కాయి, దుమ్ము మాత్రం కిందే ఉండిపోయింది. పైగా ఇళ్ళలో అగర్బత్తి పొగ, ఊదు పొగ. ముక్కు దిబ్బడ లేని ఇల్లు మా గల్లీల్లో వెతికినా దొరకదు.

ఈఎన్‌టీ వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి, ఎవరింటికి స్కానింగ్ కాగితం వచ్చినా ముందు నా గుమ్మానికే చేరుతుంది. "సిస్టరమ్మా, డీఎన్ఎస్ అని రాసిన్రు. నాక్ కీ హడ్డీ టేఢీ ఉన్నదంట. ఆపరేషన్ చేయించాల్నా?" అని అడుగుతారు. కాగితం పక్కన పెట్టి, ముందు నీ ఊపిరి సంగతి చెప్పమంటాను. ఎందుకంటే ఆపరేషన్ అవసరమా కాదా అన్నది స్కాన్‌లో కనిపించే వంకరను బట్టి తేలేది కాదు.

రెండు ముక్కు రంధ్రాల నడుమ ఉండే గోడలో ముందు భాగం మృదులాస్థి, వెనక భాగం పలుచని ఎముక. అది ఒక పక్కకు ఒరిగి ఉంటే డాక్టర్లు డీఎన్ఎస్ అంటారు. కొందరికి పుట్టుకతోనే వస్తుంది, కొందరికి ఎదిగే వయసులో ఒరుగుతుంది, కొందరికి దెబ్బ తగిలి వంగుతుంది. అద్దంలో చూసుకుని "కండ పెరిగింది" అని భయపడేది చాలాసార్లు పక్క గోడకుండే టర్బినేట్ అనే సహజమైన మడత. అది అలర్జీతో ఉబ్బుతుంది, తగ్గుతుంది. గీత గీసినట్టు నిటారుగా ఉండే గోడ పెద్దవాళ్ళలో అరుదు. అందుకే తలనొప్పికనో సైనస్ కోసమనో తీయించిన సీటీ స్కాన్‌లో కూడా డీఎన్ఎస్ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ఏ బాధా లేనివాళ్ళు దాన్ని చూసి కంగారుపడనక్కర్లేదు.

ఆరోగ్యంగా ఉన్న ముక్కులోనూ రెండు పక్కలా గాలి సమానంగా ఆడదు. కొన్ని గంటలు ఒక పక్క పొర ఉబ్బి రెండో పక్క తెరుచుకుంటుంది, ఆ తర్వాత తారుమారవుతుంది. జర్మన్ వైద్యుడు రిచర్డ్ కైజర్ 1895లో దీన్ని వివరించాడు. మన యోగులు ఇడ, పింగళ అంటూ గమనించిందీ ఈ మార్పునే. కాబట్టి "ఒకసారి కుడి, ఒకసారి ఎడమ మూసుకుపోతోంది" అనేవాళ్ళకు అసలు కారణం సాధారణంగా పొర వాపే. గోడ పూటకోసారి పక్క మార్చదు కదా.

మా వీధిలో ఆటో నడిపే ఒకాయన నెలల తరబడి మెడికల్ షాపు చుక్కలతోనే నిద్రపోయేవాడు. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ లాంటి ఆ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. నాలుగైదు రోజులు మించి వాడితే, మందు ప్రభావం దిగగానే పొర మునుపటికన్నా ఎక్కువగా ఉబ్బుతుంది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ వాపు. ఆయన స్కాన్‌లోనూ వంకర ఉంది. డాక్టరు చుక్కలు మాన్పించి స్టిరాయిడ్ స్ప్రే రాశారు. మొదటి వారం రాత్రుళ్ళు కూర్చునే తెల్లవార్చాడు. ఆ తర్వాత ముక్కు తెరుచుకుంది. గోడ వంకర అలాగే ఉంది, ఆయన హాయిగా ఆటో నడుపుకుంటున్నాడు.

పక్క గల్లీ కుర్రాడిది వేరే కథ. చిన్నప్పుడు క్రికెట్ బంతి ముక్కుకు తగిలింది. అప్పటినుంచీ ఎప్పుడూ ఎడమ పక్కే మూసుకుని ఉండేది. నోరు తెరిచి నిద్రపోయేవాడు, లేచేసరికి గొంతు ఎండిపోయేది, మెట్లెక్కితే ఆయాసం. తుమ్ములూ దురదా లేవు. రెండు నెలలు క్రమం తప్పకుండా స్ప్రే వాడినా మార్పు లేదు. క్లినిక్‌లో పొరను కుదించే మందు వేసి ఎండోస్కోపుతో చూస్తే, కుడి పక్క విశాలంగా తెరుచుకుంది, ఎడమ దారి ఇరుగ్గానే ఉండిపోయింది. అక్కడ అడ్డం గోడే అని తేలిపోయింది. ఆపరేషన్ అతనికి మేలు చేసింది.

స్ప్రే వాడానంటే సరిపోదు, సరిగ్గా వాడాలి. ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ లాంటివి రోజుల మీద పనిచేస్తాయి, గంటల మీద కాదు. కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టుకోవాలి. అప్పుడు మందు మధ్య గోడకు తగలకుండా బయటి వైపు పడుతుంది. గట్టిగా ఎగబీల్చకూడదు. ముందుగా ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటే మంచిది. ఆ నీళ్ళు కాచి చల్లార్చినవై ఉండాలి, కుళాయి నీళ్ళు నేరుగా వాడొద్దు. ఇలా నెల, నెలన్నర చేసి చూడకుండా కత్తి మాట ఎత్తకూడదని నా అభిప్రాయం.

బాధను కొలవడానికి డాక్టర్లు ఐదు ప్రశ్నలు అడుగుతారు: ముక్కు బిగిసినట్టుందా, పూర్తిగా మూసుకుపోతోందా, ముక్కుతో ఊపిరి కష్టమా, నిద్ర చెడుతోందా, శ్రమ చేసేటప్పుడు గాలి చాలడం లేదా? ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు వేసి, మొత్తాన్ని ఐదుతో గుణిస్తారు. బ్రిటన్‌లో 378 మంది మీద జరిగిన పరీక్షలో ఈ లెక్క ప్రకారం 30 అంతకుమించి వచ్చినవాళ్ళనే తీసుకున్నారు. సగం మందికి ఆపరేషన్, మిగతా సగానికి స్ప్రేలు. ఆరు నెలలకు ఆపరేషన్ అయినవాళ్ళ బాధ స్పష్టంగా తక్కువగా ఉంది. ఫలితాలు 2023లో బీఎంజేలో వచ్చాయి. అంతకుముందు 2019లో లాన్సెట్‌లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనం 203 మందిని రెండేళ్ళు గమనించి అదే చెప్పింది. అంటే సరైన మనిషికి చేస్తే ఇది అనవసరపు ఆపరేషన్ కాదు.

ఆపరేషన్ పేరు సెప్టోప్లాస్టీ. కోత లోపలే, ముఖం మీద మచ్చ పడదు. పొరను పైకెత్తి, వంకరపోయిన భాగాన్ని సరిచేసి లేదా తీసేసి, పొరను మళ్ళీ కప్పుతారు. తర్వాత ఒకటి రెండు రోజులు ముక్కులో ప్యాకింగ్ ఉండొచ్చు. వార్డులో అందరూ తిట్టుకునేది దాన్నే, ఈమధ్య చాలాచోట్ల అది తగ్గింది. వారం పది రోజుల్లో పనికి వెళ్ళొచ్చు. ముక్కు గట్టిగా చీదడం, బరువులెత్తడం రెండు మూడు వారాలు మానాలి. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, పై పళ్ళ దగ్గర కొన్నాళ్ళు తిమ్మిరి, అరుదుగా గోడకు రంధ్రం పడడం లేదా ముక్కు దూలం కుంగడం దీనిలో ఉన్న ముప్పులు. సంతకం పెట్టేముందు ఇవన్నీ అడిగి తెలుసుకోవాలి.

మత్తు మందంటే చాలామందికి భయం. మూసీ అవతలి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అండతో 1888, 1889ల్లో ఆనాటి మత్తుమందు క్లోరోఫామ్ మీద కమిషన్లు నడిపాడు. ఊపిరి చూసుకుంటే చాలు, నాడి సంగతి అక్కర్లేదని ఆయన వాదన. నాడిని వదిలేయమన్న ఆ మాట తర్వాత నిలబడలేదు. ఇప్పుడు గుండె, ఊపిరి, రక్తంలో ఆక్సిజన్ అన్నిటినీ క్షణక్షణం తెర మీద చూస్తూనే ఉంటారు. బీపీ, ఉబ్బసం, వాడుతున్న మందులు దాచకుండా చెప్పడం మన వంతు.

ఈ ఆపరేషన్ అలర్జీని పోగొట్టదు. తుమ్ములు, కారడం ఆగవు. గురక తగ్గొచ్చేమో గానీ, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా దీనొక్కదానితో సాధారణంగా నయం కాదు. తలనొప్పి పోతుందని ఎవరైనా గట్టి హామీ ఇస్తే రెండో డాక్టరును కలవండి. పిల్లలకు ముఖం ఎదుగుదల పూర్తయ్యేదాకా, అంటే పదహారు పద్దెనిమిదేళ్ళ దాకా, సాధారణంగా ఆగుతారు. ఆగకూడనిది ఒకటుంది. ముక్కుకు దెబ్బ తగిలాక రెండు పక్కలా మూసుకుపోయి, లోపల ఎర్రగా ఉబ్బితే, గోడలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అదే రోజు తీయించకపోతే మృదులాస్థి చచ్చిపోయి ముక్కు కుంగిపోవచ్చు.

మనవాళ్ళకు కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. 2021లో బ్లాక్ ఫంగస్ రోగులకు ప్రధాన కేంద్రంగా నిలిచింది అదే. ప్రైవేటులో చేయించుకునేవాళ్ళు ముందు బీమా కాగితం చదవండి. చాలా పాలసీల్లో ఈ ఆపరేషన్‌కు మొదటి రెండేళ్ళు డబ్బు రాదు.

చివరగా నేను చెప్పేదిది: ఎప్పుడూ ఒకే పక్క మూసుకుని, నిద్రనో పనినో పాడుచేస్తూ, సరిగ్గా వాడిన మందుకు లొంగకుండా, ఎండోస్కోపులో గోడే అడ్డమని తేలితే చేయించుకోండి, భయపడొద్దు. వీటిలో ఏ ఒక్కటి తేలకపోయినా, కాగితం మీద డీఎన్ఎస్ అని ఎంత పెద్దక్షరాలతో రాసి ఉన్నా తొందరపడొద్దు.