ఆగితే మాయం.. పరిగెడితే ప్రత్యక్షం!

కోడ్ రాసేవాళ్లకి ఒక రకం బగ్ అంటే హడల్. టెస్టింగ్‌లో అంతా ఓకే. లోడ్ పెరిగితేనే బయటపడుతుంది. తొడ కండరాల్లోనూ అచ్చం అలాంటి సమస్య ఒకటుంది. పేరు కాస్త పొడుగే: క్రానిక్ ఎగ్జర్షనల్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్.

మా రన్నింగ్ గ్రూపులో ఓ తమ్ముడికి రోజూ మూడో కిలోమీటరు దగ్గర తొడ ముందుభాగం రాయిలా బిగుసుకుపోయేది. ఆగి పావుగంట కూర్చుంటే మళ్లీ మామూలే. ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ రెండూ నార్మల్. ‘ఏం లేదురా, వార్మప్ సరిగ్గా చెయ్’ అన్నారంతా. విని విని వాడు పరుగే మానేద్దామనుకున్నాడు.

లోపల ఏం జరుగుతుంది?

తొడ కండరాలు మూడు అరల్లో ఉంటాయి: ముందు, వెనుక, లోపలివైపు. ఒక్కో అర చుట్టూ ఫేషియా అనే గట్టి పొర. వ్యాయామం చేస్తుంటే రక్తం ఎక్కువగా చేరి కండరం పరిమాణం 20 శాతం దాకా పెరగొచ్చు. పొర అంతగా సాగదు. దాంతో లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసారం తగ్గుతుంది, నరాలు నొక్కుకుపోతాయి. అందుకే ఆ నొప్పి, తిమ్మిరి. ఎక్కువగా మోకాలి కింది భాగంలో వచ్చే సమస్య ఇది. తొడలో అరుదు కాబట్టే చాలామందికి తట్టదు.

బైక్ రేసర్లకైతే ఇదే ముంజేతుల్లో వస్తుంది. ‘ఆర్మ్ పంప్’ అంటారు. 2021లో హెరెజ్ మోటోజీపీ రేసులో లీడ్‌లో ఉన్న ఫాబియో క్వార్టరారో దీనివల్లే 13వ స్థానానికి జారిపోయాడు. సర్జరీ చేయించుకుని, ఆ ఏడాదే వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు!

ఎలా తేలుతుంది?

పరిగెత్తించి, వెంటనే సూదితో కండరంలోని ఒత్తిడి కొలుస్తారు. కాళ్ల విషయంలో, పరుగు ఆపిన నిమిషానికి అది 30 ఎంఎం మెర్క్యురీ, అంతకు మించి ఉంటే అనుమానం బలపడుతుంది. మొదట పరుగు తగ్గించడం, అడుగు వేసే తీరు మార్చడం, ఫిజియోథెరపీ. లాభం లేకపోతే ఆ పొరను కోసి వదులు చేసే ఫేషియాటమీ సర్జరీ.

మీ ‘లాగ్’ రాసుకోండి

నొప్పి ఎన్నో నిమిషంలో మొదలైంది? సరిగ్గా ఎక్కడ? ఆగాక ఎంతసేపటికి తగ్గింది? రెండు వారాలు ఫోన్‌లో నోట్ చేసి స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌కి చూపించండి. ‘నార్మల్’ రిపోర్టు అబద్ధం కాదు, కానీ అది మీరు కదలకుండా పడుకున్నప్పటిది.

ఒక్క హెచ్చరిక: దెబ్బ తగిలాకో, బాగా శ్రమపడ్డాకో వచ్చిన నొప్పి విశ్రాంతి తీసుకున్నా పెరుగుతూనే ఉంటే లాగ్ గీగ్ పక్కన పెట్టి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. అది అక్యూట్ రకం కావచ్చు. అక్కడ గంటలు కూడా విలువైనవే.